నోరు తెరుద్దాం

నాకు పంతొమ్మిదేళ్ళు. జ్ఞానదంతాలు ఇంకా రాలేదు కాబట్టి లెక్కప్రకారం నా నోట్లో 28 పళ్ళుండాలి. ఉన్నవి 27. కింది దవడలో ఎడమవైపు ఒకటి లేదు. నవ్వితే బయటికి కనిపించదు. అన్నం తినేటప్పుడు మాత్రం నాలుక ఊరుకోదు, ప్రతి ముద్దకీ వెళ్ళి ఆ ఖాళీని తడిమి వస్తుంది.

పోయింది పాలపన్ను కాదు. ఆరేళ్ళ వయసులో, ఏ పాలపన్నూ ఊడకుండానే అన్నిటికంటే వెనకాల మొలిచే మొదటి శాశ్వత దవడ పన్ను. చాలా ఇళ్ళల్లో దాన్ని కూడా పాలపన్నే అనుకుంటారు. పుచ్చిపోయినా "ఊడితే మళ్ళీ వస్తుందిలే" అని వదిలేస్తారు. అది మళ్ళీ రాదు. జీవితమంతా నమలాల్సిన పన్నుని నేను పదమూడేళ్ళు మాత్రం వాడుకున్నాను.

ఎందుకు పోయిందని అడిగితే మా అమ్మ "చాక్లెట్లు" అంటుంది. నేను "భయం" అంటాను. పుచ్చు చాక్లెట్ల వల్లే మొదలై ఉండొచ్చు, దాని గురించి అమ్మతో వాదించను. కానీ పదిహేనేళ్ళప్పుడు ఆవగింజంత నల్ల మచ్చగా ఉన్నది పంతొమ్మిదేళ్ళకి పన్నునే తీసేయాల్సిన స్థితికి వచ్చిందంటే, ఆ నాలుగేళ్ళూ నేను డాక్టరు గడప తొక్కకపోవడమే కారణం. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటారే, అచ్చంగా అదే.

ఇది తెలుగు శాఖ గోడపత్రికలో రాసే విషయమా అని కొందరికి అనిపించొచ్చు. నాకూ అనిపించింది. అయితే పన్ను తీయించుకున్న వారం నేను బుగ్గ వాపుతో క్లాసుకొచ్చి కూర్చుంటే, ఒక్కొక్కరే పక్కన చేరి రహస్యం చెప్పినట్టు చెప్పారు. "నాక్కూడా ఉందే, రెండేళ్ళయింది." "నేను చల్లనీళ్ళు తాగను, తెలుసా?" "నేను కుడివైపు నమలడం మానేశాను." ఒకమ్మాయి వాష్‌రూమ్ దగ్గర ఫోన్ టార్చి వేసి మరీ చూపించింది. మరి డాక్టరు దగ్గరికి ఎందుకు వెళ్ళలేదంటే డబ్బు సంగతీ టైము సంగతీ తర్వాత వచ్చాయి. ముందు అందరూ అన్న మాట ఒక్కటే: "భయమే!" అనేసి నవ్వారు. నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

ఇంతమందికి ఉండి, ఒకరికి ఉన్నట్టు ఇంకొకరికి తెలియని భయం ఇది. అందుకే రాస్తున్నాను.

నా భయం ఎక్కడ మొదలైందో నాకు బాగా గుర్తుంది. మాది సూళ్లూరుపేట దగ్గర పల్లె. తొమ్మిదేళ్ళప్పుడు ఒక పాలపన్ను పుచ్చిపోయి నొప్పి మొదలైంది. మొదటిరోజు అమ్మ లవంగం పెట్టింది. రెండోరోజు అమ్మమ్మ పొగాకు నలిపి పెట్టింది. మూడోరోజుకి బుగ్గ వాచి కన్ను సగం మూసుకుపోయింది. అప్పుడు టౌనుకి తీసుకెళ్ళారు. దారిపొడుగునా అమ్మ చెప్పింది ఒకటే, "ఊరికే చూస్తారంతే, ఏం చెయ్యరు." కుర్చీలో కూర్చోబెట్టాక సూది కనిపించింది. నాన్న రెండు చేతులూ పట్టుకున్నారు. ఇంజెక్షన్ ఇచ్చినా నొప్పి తెలుస్తూనే ఉంది. నేను అరుస్తుంటే "బయట అంతా వింటున్నారు, అరవకు" అన్నారు. అక్కడున్న ఒకావిడ, ఎవరో నాకు తెలీదు, "ఆడపిల్లవి, ఈమాత్రం ఓర్చుకోలేకపోతే రేపు ఎట్టా?" అంది. పన్ను వచ్చేసింది. దూదిలో చుట్టి నా చేతిలో పెట్టారు.

అంతకుముందు ఊడిన పళ్ళన్నీ నేను పండగలాగా ఇంటి కప్పు మీదికి విసిరాను. ఆ ఒక్కటి మాత్రం విసరలేదు. బస్సు కిటికీలోంచి పారేశాను.

చాలా ఏళ్ళు నేను ఆ డాక్టర్ని తిట్టుకున్నాను. ఈమధ్యే ఒక సంగతి తెలిసింది. పన్ను చుట్టూ చీము పట్టి వాచినచోట కండలో ఆమ్లగుణం పెరుగుతుందట. అలాంటిచోట మత్తు ఇంజెక్షన్ సరిగా పనిచేయదట. అంటే ఆరోజు నాకు అంత నొప్పి పుట్టడానికి పెద్ద కారణం మూడు రోజుల ఆలస్యం. ఆ నొప్పే నాకు భయమైంది. ఆ భయమే పదిహేనేళ్ళప్పుడు ఇంకో ఆలస్యానికి కారణమైంది. ఈ గుండ్రాన్ని గురించి 1984లోనే స్వీడన్‌లో ఉల్ఫ్ బెర్గ్రెన్ అనే పరిశోధకుడు రాశాడు. భయం వల్ల వెళ్ళరు, వెళ్ళకపోవడం వల్ల పళ్ళు పాడవుతాయి, పాడైన పళ్ళు చూపించాలంటే సిగ్గు, ఆ సిగ్గు వల్ల భయం ఇంకా పెరుగుతుంది. గానుగెద్దులాగా తిరిగిన చోటే తిరగడం.

ఆ గుండ్రంలో నేను ఎలా తిరిగానో చెప్తాను. మన భాషలో పంటి బాధకి ఎన్ని మాటలున్నాయో చూడండి. ఇంటర్ ఫస్టియర్లో చల్లనీళ్ళు తాగితే పన్ను "జివ్వు"మనేది. పన్ను పైపొర ఎనామెల్‌లో నరాలుండవు. తీపి తిన్నప్పుడు నోట్లోని సూక్ష్మజీవులు ఆ చక్కెర నుంచి ఆమ్లం తయారుచేస్తాయి, ఆ ఆమ్లం ఎనామెల్‌ని కరిగిస్తూ పోతుంది. అప్పటిదాకా మనకేమీ తెలియదు. కింది పొర డెంటిన్ దాకా చేరితేనే ఆ జివ్వు. అప్పుడు వెళ్ళి ఉంటే చిన్న ఫిల్లింగుతో అరగంటలో అయిపోయేది. నేను ఐస్‌క్రీమ్ మానేశాను. సెకండియర్లో తీపి తింటే "లాగడం" మొదలైంది. స్వీట్లు కూడా మానేశాను. అమ్మ "పిల్ల బుద్ధిగా ఉంది" అని సంతోషపడింది. డిగ్రీలో చేరాక రాత్రిపూట "సలపరం" వచ్చింది. పడుకుంటే ఎక్కువ, లేచి కూర్చుంటే తక్కువ. అంటే పన్ను మధ్యలో నరాలూ రక్తనాళాలూ ఉండే భాగానికి జబ్బు చేరిందన్నమాట. అప్పుడైనా రూట్ కెనాల్ చేసి పన్నుని నిలబెట్టే అవకాశం ఉండేది. నేను మాత్ర వేసుకుని పడుకున్నాను. కొన్నాళ్ళకి సలపరం దానంతటదే ఆగిపోయింది. తగ్గిందనుకుని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. అది తగ్గడం కాదట, లోపలి నరం చచ్చిపోవడమట.

జివ్వు, లాగడం, సలపరం, వాపు. భాష ఇన్ని మెట్లు కట్టి చూపిస్తే, నేను ఒక్కో మెట్టూ దిగుతూ కళ్ళు మూసుకున్నాను.

భాష సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. బాధని ఇంత సూక్ష్మంగా చెప్పే మన తెలుగే, భయాన్ని కూడా నేర్పిస్తుంది. మన ఇళ్ళల్లో పిల్లల్ని ఏమని బెదిరిస్తారు? "పళ్ళు రాలగొడతా." ఇంకా అల్లరి చేస్తే, "ఉండు, పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి పీకించేస్తా." పంటి వైద్యానికి మా ఇంట్లో ఉన్న క్రియాపదం ఒక్కటే, పీకడం. ఆయన పన్నుని నింపుతాడనీ, నిలబెడతాడనీ, శుభ్రం చేస్తాడనీ నాకు పద్దెనిమిదేళ్ళొచ్చేదాకా ఎవరూ చెప్పలేదు. పోలీసు, బూచోడు, పళ్ళ డాక్టరు, ముగ్గుర్నీ ఒకే వరసలో నిలబెట్టి పెంచిన పిల్లలం మనం. పైగా పై పన్ను పీకిస్తే చూపు పోతుందనీ, క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదిలిపోతాయనీ పెద్దవాళ్ళ మాటలు. రెండూ నిజం కాదు. కంటిచూపు నరం వేరు, పళ్ళకి వెళ్ళే నరం వేరు. క్లీనింగ్ చేయించాక సందులు కనిపిస్తే, అది అప్పటిదాకా అక్కడ పేరుకున్న గార పోయినందువల్ల.

ఆడపిల్లలకి ఇంకో రెండు అదనం. ఒకటి "నవ్వు నాలుగు విధాల చేటు." మనం నోరు మూసుకుని నవ్వడం నేర్చుకున్నాం, పన్ను పుచ్చిపోతే ఆ అలవాటు బాగా పనికొచ్చింది. రెండోది పెళ్ళి. ముందు పళ్ళు ఎత్తుగా ఉంటే అప్పు చేసైనా క్లిప్పులు వేయిస్తారు. సంబంధాలు చూసేటప్పుడు కనిపిస్తాయి కాబట్టి. దవడ పళ్ళు ఎవరికీ కనిపించవు, వాటి నొప్పి మనం ఓర్చుకోవాలి. మన ప్రబంధ కవులు నాయిక పళ్ళని మొల్ల మొగ్గలతో, దానిమ్మ గింజలతో పోల్చారు. ఆ వర్ణనలు చదివినప్పుడల్లా నాకు ఒక అనుమానం. ఆ నాయికల్లో ఒక్కదానికైనా రాత్రిపూట దవడ పన్ను సలిపి నిద్రపట్టకపోవడం జరగలేదా? జరిగే ఉంటుంది. నోరు మూసుకుని ఉంటుంది.

ఇదంతా అతి అనేవాళ్ళున్నారు. నా రూమ్మేటే అంది, "ఇంత పెద్దదానివయ్యావు, ఒక గంట పళ్ళు బిగబట్టి కూర్చుంటే అయిపోతుంది కదా?" పళ్ళ డాక్టరు దగ్గర పళ్ళు బిగబట్టి ఎలా కూర్చుంటారో నాకు తెలియదు గానీ, ఆమె అడిగినదాంట్లో న్యాయం ఉంది. భయాన్ని సాకుగా పెట్టుకుని ఇంట్లో కూర్చుంటే పన్ను ఆగదు, నిజమే. కానీ "ధైర్యం తెచ్చుకో" అనే సలహా పదేళ్ళపాటు విన్నదాన్ని నేను. అది పనిచేయదు. ఎందుకంటే ఆ సలహా విన్న ప్రతిసారీ, భయపడటం నా తప్పు అనిపించింది. తప్పు చేసినవాళ్ళు దాచుకుంటారు. నేనూ దాచుకున్నాను.

ఆ తర్వాత చదివితే తెలిసింది, ఈ భయాన్ని కొలవడానికి ఒక కొలబద్దే ఉందని. 1969లో అమెరికాలో నార్మన్ కోరా నాలుగు ప్రశ్నలతో తయారుచేశాడు. 1995లో జెర్రీ హంఫ్రిస్, ఆయన సహచరులు ఐదో ప్రశ్న చేర్చారు. రేపు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే మీకెలా ఉంటుంది? బయట కూర్చుని పిలుపు కోసం ఎదురుచూస్తుంటే? డ్రిల్లింగ్ మొదలుపెట్టబోతుంటే? పళ్ళు శుభ్రం చెయ్యబోతుంటే? చిగురుకి ఇంజెక్షన్ ఇవ్వబోతుంటే? ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు, మొత్తం 25. 19 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే తీవ్రమైన భయం కింద లెక్క. దీన్ని తమిళంలోకి తెచ్చి, మన చెన్నైలోనే రోగుల మీద పరీక్షించి 2012లో ప్రచురించారు. నాకు నేనే మార్కులు వేసుకున్నాను. 22 వచ్చాయి. డిగ్రీలో చేరాక ఏ ఇంటర్నల్లోనూ నాకు 25కి అన్ని రాలేదు.

నవ్వుకోండి, పరవాలేదు. నాకైతే ఆ ఐదు ప్రశ్నలు చూసినప్పుడు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సముద్రాలు దాటి ఎక్కడో ఎవరో నా లోపలి వణుకుని ప్రశ్నలుగా రాసిపెట్టారంటే, ఇది నా ఒక్కదాని పిరికితనం కాదన్నమాట. జ్వరానికి థర్మామీటర్ ఉన్నట్టు దీనికీ ఒకటి ఉంది. కొలవగలిగినదాన్ని డాక్టరుకి చెప్పొచ్చు.

పిప్పిపళ్ళ విషయంలోనూ మనం ఒంటరివాళ్ళం కాదు. భారత దంత వైద్య మండలి 2002-03లో దేశవ్యాప్తంగా చేసిన సర్వేలో 12 ఏళ్ళ పిల్లల్లో 53.8 శాతం మందికి, 15 ఏళ్ళ వాళ్ళలో 63.1 శాతం మందికి పుచ్చు కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం ప్రపంచంలో దాదాపు 350 కోట్ల మందికి ఏదో ఒక నోటి జబ్బు ఉంది. క్లాసులో సగం మందికి ఉండేదాన్ని ఎవరికి వాళ్ళం ఘనమైన రహస్యంలాగా మోస్తున్నాం.

ఇక నా కథ చివరి భాగం. నవంబర్లో సెమిస్టర్ పరీక్షల ముందు, వానల్లో, బుగ్గ వాచింది. లీవ్ లెటర్లో "జ్వరం" అని రాశాను. పంటి నొప్పి అని రాయడానికి మొహం చెల్లలేదు. రూమ్మేట్ తోడుగా ఒక ఆసుపత్రికి వెళ్ళాను. చూసిన డాక్టరమ్మకి నాకంటే నాలుగైదేళ్ళు ఎక్కువ ఉంటాయేమో. తమిళంలో అడిగింది, "పల్ కూచ్చం ఇరుక్కా?" అని. కూచ్చం అంటే సిగ్గు, బెరుకు అని మాత్రమే నాకు తెలుసు. హాస్టల్లో అందరూ "కూచ్చప్పడాదే" అంటారు కదా. నేను అవునని తలూపి, నాకొచ్చిన తమిళంలో చెప్పేశాను. సిగ్గుగా ఉందనీ, భయం కూడా ఉందనీ, చిన్నప్పుడు ఇలా జరిగిందనీ, నా పళ్ళు చూసి తిడతారేమోననీ. ఆమె ఆశ్చర్యంగా చూసి నవ్వింది. తమిళంలో పల్ కూచ్చం అంటే పళ్ళు జివ్వుమనడమట! ఆమె అడిగింది పంటి సంగతి, నేను చెప్పింది మనసు సంగతి.

ఆ పొరపాటే నన్ను కాపాడింది. పదేళ్ళలో మొదటిసారి ఒక డాక్టరుకి నా భయం తెలిసింది. తెలిశాక ఆమె పద్ధతి మార్చింది. ముందు మందులిచ్చి వాపు తగ్గాక రమ్మంది. మళ్ళీ వెళ్ళినప్పుడు ప్రతి పనీ చేసేముందు ఏం చెయ్యబోతోందో చెప్పింది, పరికరం చూపించింది, తర్వాతే చేసింది. చెప్పడం, చూపడం, చెయ్యడం అనే ఈ పద్ధతిని 1959 నుంచీ పిల్లల దంతవైద్యంలో నేర్పిస్తున్నారట. సూదికి ముందు చిగురు మీద మత్తు జెల్లు రాసింది. "నొప్పి అనిపిస్తే ఎడమ చెయ్యి ఎత్తు, వెంటనే ఆపేస్తాను" అంది. రెండుసార్లు ఎత్తాను. రెండుసార్లూ ఆపింది. పన్ను తీసేటప్పుడు నొక్కినట్టు తెలిసింది తప్ప నొప్పి తెలియలేదు. నేను పదేళ్ళు భయపడ్డ పని, ఒక్క రాత్రి సలపరంలో నాలుగోవంతు బాధ కూడా పెట్టలేదు.

అయినా కుర్చీలో ఏడ్చాను. పన్ను పైభాగం పూర్తిగా విరిగిపోయి ఉంది, నిలబెట్టడానికి ఏమీ మిగల్లేదని ఆమె చెప్పినప్పుడు. "ఒక సంవత్సరం ముందు వచ్చుంటే..." అని మొదలుపెట్టి, నా మొహం చూసి ఆపేసింది. ఆ వాక్యం పూర్తి చెయ్యనందుకు ఆమెకి నేను ఋణపడి ఉన్నాను.

కాబట్టి నేను చెప్పదలచుకున్నది ఇది. భయం పోయాక వెళ్దామని కూర్చోకండి. అది దానంతటది పోదు. భయంతోనే వెళ్ళండి, కానీ దాన్ని దాచుకుని వెళ్ళకండి. కుర్చీలో కూర్చోగానే మొదటి మాటగా "నాకు భయం" అని చెప్పండి. చేసేముందు చెప్పమనండి. చెయ్యెత్తితే ఆపమనండి. ఇది గారాబం కాదు, అడగాల్సిన విషయం. ఒకవేళ వినకుండా కసురుకునే డాక్టరే ఎదురైతే, లేచి వచ్చి ఇంకొకరి దగ్గరికి వెళ్ళండి. పళ్ళ డాక్టర్లందర్నీ మాత్రం మానేయకండి. నేను చేసిన తప్పు అదే. జివ్వుమన్నప్పుడే వెళ్తే సూది అవసరం కూడా రాకపోవచ్చు. సలపరం దాకా ఆగితే ఖర్చూ పెరుగుతుంది, నొప్పీ పెరుగుతుంది.

డబ్బు సంగతి నేను మర్చిపోలేదు. రూట్ కెనాల్, పైన క్యాప్ అంటే మనలాంటి ఇళ్ళల్లో అది ఒక సెమిస్టర్ ఫీజు గురించి ఆలోచించినట్టు ఆలోచించాల్సిన మొత్తం. కానీ మన ఊళ్ళోనే ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. 1953లో మద్రాసు మెడికల్ కాలేజీలో భాగంగా మొదలైంది. బీచ్–తాంబరం లైన్లో ఫోర్ట్ స్టేషన్లో దిగితే దగ్గరే. ప్రైవేటుతో పోలిస్తే ఖర్చు చాలా తక్కువ. రద్దీ ఉంటుంది, పొద్దున్నే వెళ్ళాలి, ఓపిక పట్టాలి. మూడేళ్ళు నొప్పిని ఓర్చుకున్నవాళ్ళం, మూడు గంటలు క్యూలో ఓర్చుకోలేమా?

మన మేడమ్స్‌కి కూడా ఒక మనవి. పంటి నొప్పి అని లీవ్ లెటర్ తెస్తే దాన్ని జ్వరంతో సమానంగా చూడండి. క్లాసులో బుగ్గ పట్టుకుని కూర్చున్న అమ్మాయి కనిపిస్తే, "చాక్లెట్లు తగ్గించు" అనే ముందు "డాక్టరుకి చూపించావా, భయంగా ఉందా?" అని ఒక్కసారి అడగండి. అడిగేవాళ్ళుంటే చెప్పేవాళ్ళం.

ఆఖరుగా మా చెల్లి సంగతి. దానికి పన్నెండేళ్ళు. డిసెంబర్లో అమ్మ ఫోన్ చేసి, "చిన్నదానికి కూడా దవడ పంటి మీద నల్లమచ్చ కనిపిస్తోందే. ఊరికే చూస్తారంతే, ఏం చెయ్యరని చెప్పి టౌనుకి తీసుకెళ్తాలే" అంది. అవే మాటలు. నాకు ఒక్కసారి తొమ్మిదేళ్ళ నాటి బస్సు గుర్తొచ్చింది. "వద్దమ్మా, పండక్కి నేనొచ్చి తీసుకెళ్తాను. అన్నీ చెప్పే తీసుకెళ్దాం" అన్నాను. అమ్మకి కోపం వచ్చింది, "చెప్తే అది వస్తుందా?" అని. పండగ సెలవులకి మూర్ మార్కెట్ కాంప్లెక్స్‌లో సూళ్లూరుపేట లోకల్ ఎక్కినప్పటి నుంచీ దానికి ఎలా చెప్పాలా అనే ఆలోచించాను. చివరికి ఉన్నదున్నట్టు చెప్పాను. మచ్చ ఉందని, శుభ్రం చేసి నింపుతారని, గుయ్ మని శబ్దం వస్తుందని, సూది అవసరమైతే చీమ కుట్టినట్టు ఉండి తర్వాత మొద్దుబారుతుందని, ఆపమంటే ఆపుతారని.

వచ్చింది. రాత్రంతా ప్రశ్నలడిగి మరీ వచ్చింది. కుర్చీ ఎక్కగానే "నాకు భయం అండీ" అని డాక్టరుతో గట్టిగా చెప్పింది. ఆయన నవ్వి, "నాక్కూడా చిన్నప్పుడు భయమేనమ్మా" అన్నారు. సూది లేకుండానే ఫిల్లింగ్ అయిపోయింది. మధ్యలో మూడుసార్లు చెయ్యెత్తింది, మూడుసార్లూ ఆయన ఆపారు. బయటికొచ్చాక, "నొప్పి పుట్టిందా?" అని అడిగాను. "మొదటి రెండుసార్లు కొంచెం" అంది. మరి మూడోసారి ఎందుకెత్తావే అంటే, "నిజంగా ఆపుతారో లేదో చూద్దామని" అంది.

దాని 28 పళ్ళూ దానికి ఉంటాయి.

మీలో ఎవరికైనా తోడు కావాలంటే నాకు చెప్పండి. శనివారాలు నాకు ఖాళీయే. రెండో సంవత్సరం క్లాసులో మూడో బెంచీ, కిటికీ పక్కన కూర్చుంటాను.